ఆ ‘ఆల్ సబ్జెక్ట్స్ సాల్వ్‌డ్’ బండిల్ కొనకండి, 648 రూపాయలు పోశాక చెప్తున్నా

టెలిగ్రామ్‌లో తిరుగుతున్న ఆ ఇంజినీరింగ్ అసైన్‌మెంట్ జవాబుల బండిల్ గురించే. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. మిడ్ పరీక్షలు దగ్గరపడ్డాయంటే ప్రతి క్లాస్ గ్రూపులో ఆ పసుపు పోస్టర్ పడుతుంది కదా, ‘ఫస్ట్ ఇయర్, సెకండ్ ఇయర్ అసైన్‌మెంట్లు అన్నీ సాల్వ్‌డ్, ఆర్22, ఆర్23 రెండింటికీ, 499 మాత్రమే’ అని. అదే. (ఆర్22, ఆర్23 అంటే యూనివర్సిటీ సిలబస్ వెర్షన్లు.) నిన్న రాత్రి కట్టాను, ఈ మధ్యాహ్నానికి అమ్మినవాడు నన్ను బ్లాక్ చేశాడు. మొత్తం పోయింది 499 కాదు, 648. ఆ మిగతా 149 సంగతి కింద రాస్తాను, అసలు మంట అక్కడే ఉంది.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. శాంపిల్‌గా పంపిన మూడు పేజీల్లోనే సరుకు బయటపడింది. సి ప్రోగ్రాం మొదటి లైన్లో కోనియో హెడర్, మెయిన్ ముందు వాయిడ్, లోపలికెళ్తే క్లియర్ స్క్రీన్. అంటే టర్బో సి అనే పాత కంపైలర్ నాటి రికార్డు తెచ్చి కొత్త అట్ట వేశాడు. మన ల్యాబుల్లో లినక్స్ మీద నడిచే జీసీసీ కంపైలర్‌లో ఆ హెడర్ దగ్గరే ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. చూశాను, నవ్వుకున్నాను, అయినా యూపీఐ పిన్ కొట్టాను. తెలివి ఉండి ఏం లాభం!

డౌన్‌లోడ్ అయ్యాక చూస్తే ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం. ఇన్‌పుట్ 8, అవుట్‌పుట్ మైనస్ 25216. ఆ స్క్రీన్‌షాట్ అతికించి కింద ‘హెన్స్ వెరిఫైడ్’ అట. ఏం వెరిఫై చేశావు నాయనా? 8 ఫ్యాక్టోరియల్ 40320. టర్బో సిలో ఇంట్ (పూర్ణసంఖ్య దాచుకునే టైపు) అంటే 2 బైట్లు, 32767 దాటితే పట్టదు. 40320 లోంచి 65536 తీసేస్తే వచ్చేదే ఆ మైనస్ 25216. జీసీసీలో ఇంట్ 4 బైట్లు కాబట్టి 12 దాకా సరిగ్గానే వస్తుంది. 13 ఇస్తే మామూలుగా 1932053504 చూపిస్తుంది, అసలు జవాబు 6227020800. ఇంకా పెద్ద టైపు లాంగ్ లాంగ్ పెడితే 20 దాకా లాగొచ్చు. అసైన్‌మెంట్లో ఆ ప్రశ్న ఇచ్చేది ఈ హద్దు కనిపెట్టాలనే. వీడేమో హద్దు దాటిన అంకెనే జవాబని అమ్ముతున్నాడు.

సి లోనే ఇంకో మూడు. ఫైల్లోంచి లైన్లు చదివే ప్రోగ్రాంలో వైల్ కండిషన్‌లో ‘ఫైల్ అయిపోలేదా’ అని ఎఫ్ఈఓఎఫ్‌తో అడిగాడు. అందుకే అవుట్‌పుట్‌లో చివరి లైన్ రెండుసార్లు పడింది. స్క్రీన్‌షాట్‌లోనే కనిపిస్తోంది, వాడికి కనిపించలేదు. ఫైల్ అయిపోయిందన్న సంగతి ఎఫ్ఈఓఎఫ్‌కు ముందుగా తెలియదు, ఒకసారి చదవబోయి విఫలమయ్యాకే తెలుస్తుంది. లైన్ చదివే ఎఫ్‌గెట్స్ తిరిగిచ్చే విలువనే వైల్ కండిషన్‌లో పెడితే సరిపోయేది. స్ట్రింగ్ ప్రోగ్రాముల్లో అన్నిచోట్లా గెట్స్ వాడాడు. ఎన్ని అక్షరాలు వస్తాయో చూసుకోదు కాబట్టి దాన్ని 2011 స్టాండర్డ్‌లో సి భాషలోంచే తీసేశారు. ఇక ‘ఐ విలువ 5 అయితే ఐ ప్లస్‌ప్లస్, ప్లస్ ప్లస్‌ప్లస్ ఐ ఎంత’ అన్న ప్రశ్నకు 12 అని బోల్డులో కొట్టాడు. ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో ఐని రెండుసార్లు మారిస్తే ఏం రావాలో స్టాండర్డ్ చెప్పదు. అక్కడ రాయాల్సిన జవాబు ‘అన్‌డిఫైన్డ్’ అన్న ఒక్క మాట.

డేటా స్ట్రక్చర్స్‌లో ఇన్‌ఫిక్స్ నుంచి పోస్ట్‌ఫిక్స్, అంటే అంకెల మధ్య ఉన్న గుర్తుల్ని వాటి వెనక్కి మార్చి రాయడం. 2 పవర్ 3 పవర్ 2 ఇచ్చి ఎడమ నుంచి లాక్కుపోయి 64 తేల్చాడు. పవర్ గుర్తు కుడి నుంచి పట్టుకోవాలి, ముందు 3 పవర్ 2 చేస్తే 9, ఆపైన 2 పవర్ 9 అంటే 512. స్టాక్‌లో అదే గుర్తు పైన ఉన్నప్పుడు దాన్ని పాప్ చేయకూడదు, అంటే బయటికి తీయకూడదు. ఆ ఒక్క కండిషన్లో ‘సమానమైనా పాప్’ అని రాశాడు, ప్రోగ్రాం మొత్తం దానితోనే పోయింది.

ఇవన్నీ ఎవరికైనా కంటికి దొరికే తప్పులు. అసలు ప్రమాదం కోర్ సబ్జెక్టుల్లో ఉంది. అక్కడ ఫార్ములా సరిగ్గానే ఉంటుంది, స్టెప్పులు చక్కగా ఉంటాయి, డబ్బా గీసి జవాబు పెడతాడు. ఆ జవాబే తప్పు.

థర్మోడైనమిక్స్‌లో కార్నో ఇంజిన్. 327 డిగ్రీల సెల్సియస్, 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎఫిషియెన్సీ 91.7 శాతమట. ఆ రెండు అంకెల్నీ అలాగే భాగించేశాడు. కెల్విన్‌లోకి మారిస్తే 600, 300. జవాబు నోటిలెక్క, 50 శాతం.

కెమిస్ట్రీలో నీటి కాఠిన్యం. 50 మి.లీ. శాంపిల్, కాఠిన్యం కొలవడానికి కలిపే ఈడీటీఏ 0.01 మోలార్‌ది 15 మి.లీ. పట్టింది. వీడు కాల్షియం కార్బొనేట్ ఈక్వివలెంట్ బరువు 50 వేసి 150 పీపీఎం తెచ్చాడు. ఈడీటీఏ లోహంతో ఒకటికి ఒకటి కలుస్తుంది. మోలారిటీలో లెక్క వేస్తున్నప్పుడు 100 వేయాలి. 0.01 మోలార్ ఈడీటీఏ 1 మి.లీ. అంటే 1 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్ అని గుర్తుంటే చాలు. 50 మి.లీ.లో 15 మి.గ్రా., లీటరుకు 300 పీపీఎం. ఈ సగానికి సగం తప్పు ల్యాబ్ వైవాలో దొరికిందంటే మీ బ్యూరెట్ రీడింగులు కూడా ఎవరూ నమ్మరు.

న్యూమరికల్ మెథడ్స్‌లో ఎక్స్ ఈక్వల్స్ కాస్ ఎక్స్‌కు రూట్ 0.9998. క్యాలిక్యులేటర్ డిగ్రీ మోడ్‌లో పెట్టి కొట్టాడన్నమాట. రేడియన్లలో 0.7391. సింప్సన్ వన్ థర్డ్ రూల్ అయితే 6 విలువల టేబుల్ మీద వేశాడు. 6 విలువలంటే 5 ఇంటర్వెల్స్, ఆ రూల్‌కు సరిసంఖ్యలో ఇంటర్వెల్స్ ఉండాలి. ఎలా వేశాడో వాడికే తెలియాలి.

సర్క్యూట్స్‌ది మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి, దీనికి మిడ్‌లో 5 మార్కులు ఉంటాయి. 12 వోల్టుల సోర్స్, దానికి సిరీస్‌లో 4 ఓమ్‌లు, అక్కడి నోడ్ నుంచి గ్రౌండ్‌కు 6 ఓమ్‌లు. ఆ 4 ఓమ్‌లలో పోయే కరెంటుకు రెట్టింపు కరెంటును అదే నోడ్‌లోకి తోసే డిపెండెంట్ సోర్స్ ఒకటి. ఆ నోడ్ దగ్గర థెవెనిన్ రెసిస్టెన్స్, అంటే అక్కడి నుంచి చూస్తే సర్క్యూట్ మొత్తానికి సమానమయ్యే ఒకే రెసిస్టెన్స్ కావాలి. వీడు ‘సోర్సులన్నీ ఆఫ్ చేయగా’ అని డిపెండెంట్ సోర్స్‌ను కూడా పీకేసి, 4, 6 ప్యారలల్ అనుకుని 2.4 ఓమ్‌లు రాశాడు. డిపెండెంట్ సోర్స్‌ను ఆఫ్ చేయకూడదు. ఓపెన్ సర్క్యూట్‌లో నోడ్ వోల్టేజీ 9.82 వస్తుంది. నోడ్‌ను గ్రౌండ్‌కు షార్ట్ చేస్తే 4 ఓమ్‌లలో 3 ఆంపియర్లు, సోర్స్ నుంచి 6, కలిపి 9 ఆంపియర్లు. 9.82ను 9తో భాగిస్తే 1.09 ఓమ్‌లు. వాడి జవాబు దీనికి రెట్టింపు కన్నా ఎక్కువ. సర్క్యూట్ గీసి పరీక్షించే ఎల్‌టీ స్పైస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, నాలుగు నిమిషాల పని, గీసి చూసుకోండి.

ఇక ఆ 149.

స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో రెండు చివర్లా సింపుల్ సపోర్ట్ ఉన్న 6 మీటర్ల బీమ్, మీద మీటరుకు 10 కిలోన్యూటన్ల లోడు, ఎలాస్టిక్ మాడ్యులస్ (E) 200 గిగాపాస్కల్, మూమెంట్ ఆఫ్ ఇనర్షియా (I) 8 కోట్ల మి.మీ. పవర్ 4. మాక్సిమం బెండింగ్ మూమెంట్ 45 కిలోన్యూటన్ మీటర్లు అని సరిగ్గానే వేశాడు. కింద డిఫ్లెక్షన్ 10.5 మీటర్లు. పదిన్నర మీటర్లు! ఆరు మీటర్ల బీమ్ పదిన్నర మీటర్లు కిందికి వంగితే అది బీమ్ కాదు, బావిలోకి దించిన చేంతాడు. జరిగిందేమిటంటే, మీటరుకు 10 కిలోన్యూటన్లంటే మిల్లీమీటరుకు 10 న్యూటన్లే కాబట్టి అంతా మిల్లీమీటర్లలో వేసుకుని, జవాబు దగ్గర మీటర్లని రాసేశాడు. సరైనది 10.5 మి.మీ. ఇలాంటి బీమ్‌కు స్పాన్‌లో మూడొందలో వంతు, అంటే 20 మి.మీ. లోపు ఉంటే ఫర్వాలేదనుకుంటారు. ఆ లెక్క తలలో ఉన్నవాడు ఎవడైనా పట్టేస్తాడు.

ఈ తప్పులన్నీ పేజీ నంబర్లతో సహా రాసి పంపాను. వెంటనే రిప్లై: ‘అవును బ్రో, అది ఓల్డ్ వెర్షన్. కరెక్టెడ్ వెర్షన్ టూ ఉంది, ఫ్యాకల్టీతో చెక్ చేయించాం, నీకు మాత్రమే 149.’ నీకు మాత్రమే అట. నేను కట్టాను. ఇది రాస్తుంటే నా చేతిని నేనే కొట్టుకోవాలనిపిస్తోంది.

వెర్షన్ టూ తెరిచాను. అట్ట నీలం రంగులోకి మారింది. కార్నో 91.7 శాతం అక్కడే ఉంది. 2.4 ఓమ్‌లు అక్కడే ఉన్నాయి. మైనస్ 25216 అక్కడే ఉంది, హెన్స్ వెరిఫైడ్‌తో సహా. మారింది ఒక్కటే. బీమ్ దగ్గర ‘మీటర్లు’ అన్న మాట మీద తెల్ల డబ్బా పెట్టి, దాని మీద ‘సెం.మీ.’ అని టైప్ చేశాడు.

అంటే లెక్క మళ్ళీ చేయలేదు. మరీ నవ్వులాటగా ఉందని నవ్వు రాని యూనిట్ ఒకటి వెతికి పెట్టాడు. పదిన్నర మీటర్లు చూస్తే ఎవడైనా ఆగి ఆలోచిస్తాడు. పదిన్నర సెంటీమీటర్లు చూస్తే సగంమంది నమ్మి దించేస్తారు. తప్పును సరిదిద్దకుండా, దొరక్కుండా నున్నగా చేసి, ఆ పనికి నా దగ్గరే 149 తీసుకున్నాడు.

అదే అడిగాను. వచ్చిన జవాబు ఉన్నది ఉన్నట్టు: ‘బ్రో నువ్వు ఓవర్ చేస్తున్నావ్. సార్‌లు పేజీలు లెక్కపెడతారు, ఆన్సర్లు చూడరు. కరెక్ట్ ఆన్సర్ కావాలంటే లైబ్రరీకి వెళ్ళు.’ డబ్బు వెనక్కివ్వమంటే ‘డిజిటల్ ప్రొడక్ట్, నో రీఫండ్’. ఆ తర్వాత బ్లాక్. గ్రూప్‌లోంచి కూడా తీసేశాడు. లైబ్రరీ సలహా ఒక్కటే వాడు ఉచితంగా ఇచ్చింది, బండిల్ మొత్తంలో సరైన జవాబు కూడా బహుశా అదే.

ఇంకోటి, ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్లకు 200 ఇస్తే ‘కాపీ దొరక్కుండా’ మార్చి ఇస్తానంటాడు. చేసేదల్లా వేరియబుల్ పేర్లు మార్చడం, ఫర్ లూప్‌ను వైల్ చేయడం. అలెక్స్ ఐకెన్ బర్క్‌లీలో ఉన్నప్పుడు 1994లో తయారుచేసిన, కాపీ కోడ్ పట్టే మాస్ అనే టూల్ ఉంది. దానికి పేర్లతోనూ, ఖాళీలతోనూ పని లేదు. కోడ్‌ను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు హాష్ (దాని నుంచి లెక్కగట్టిన ఒక సంఖ్య) తీసి, వాటిలో కొన్నింటిని వేలిముద్రల్లా దాచుకుని పోలుస్తుంది. పేరు మార్చినంత మాత్రాన వేలిముద్ర మారదు. అయినా ఒకే సెక్షన్‌లో ముప్పైమంది రికార్డుల్లో మైనస్ 25216 కనబడితే టూల్ దేనికి, సార్‌కు కళ్ళుంటే చాలు.

ఎవరైనా అమ్ముతున్నది ఏదైనా కొనేముందు మూడు అడగండి: డిపెండెంట్ సోర్స్ ఉన్న థెవెనిన్ లెక్క ఒకటి, కార్నో లెక్క ఒకటి, ఫ్యాక్టోరియల్ 13 అవుట్‌పుట్ ఒకటి. వాడు ఎంచి పంపే శాంపిల్ వద్దు, మీరు అడిగిన పేజీ పంపమనండి. కుదరదంటే వదిలేయండి. అట్ట మీద ఆర్22 అనో ఆర్23 అనో ఉన్నంత మాత్రాన లోపల అదే ఉందనుకోవద్దు, పాఠాల (యూనిట్ల) పేర్లను మీ సిలబస్ కాపీతో పోల్చుకోండి. లెక్కలు సరిచూసుకోవడానికైతే ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులుండే ఎన్‌పీటెల్‌లో వారం వారం అసైన్‌మెంట్లు ఉంటాయి, గడువు దాటాక జవాబులు పెడతారు. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో చాలా కోర్సులకు ప్రాబ్లం సెట్లు సొల్యూషన్లతో సహా ఉంటాయి. రెండిటికీ పైసా కట్టక్కర్లేదు.

ఇప్పటికే కట్టేసినవాళ్ళు యూపీఐ యాప్‌లోనే ఆ ట్రాన్సాక్షన్ తెరిచి కంప్లైంట్ పెట్టండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి, డబ్బు కట్టించుకుని ఫైలే పంపకపోతే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బ్లాక్ అవ్వకముందే చాట్ స్క్రీన్‌షాట్లు తీసుకోండి. నేను సగమే తీసుకున్నాను, లైబ్రరీ మెసేజ్ ఉన్న సగం మిగిలింది.