పాత కారు సెన్సార్: షోరూమ్ సరుకా, బయటి బ్రాండా, తుక్కు కొట్టు ముక్కా?

బండికి పదిహేనేళ్లు దాటాయంటే ఇంజిన్ కన్నా దాని చుట్టూ ఉండే సెన్సార్లే ఓనర్‌ని ఎక్కువ తిప్పుతాయి. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు చిన్న టౌన్‌లో కూడా దొరుకుతాయి. అదే హ్యుందాయ్ యాక్సెంట్‌కో శాంత్రో జింగ్‌కో క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరుగుడుని ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పేది) కావాలని షోరూమ్ పార్ట్స్ కౌంటర్‌కి వెళ్తే, అబ్బాయి కంప్యూటర్‌లో నంబర్ కొట్టి, "స్టాక్ లేదు సార్, ఆర్డర్ పెట్టినా ఎప్పుడొస్తుందో చెప్పలేం" అంటాడు. అతని తప్పేం లేదు. యాక్సెంట్ 1999లో వచ్చి 2013తో ఆగిపోయింది. జింగ్ 2003లో మొదలై 2014 దాకా నడిచింది. కొత్త బండ్ల పార్టులకే గోడౌన్ చాలని చోట వీటికి ఎంతకాలం చోటిస్తారు?

అలా బయటికి వచ్చినవాడి ముందు మూడు దారులుంటాయి. బాష్, డెన్సో, డెల్ఫీ, కాంటినెంటల్, ఎన్‌టీకే లాంటి సెన్సార్ కంపెనీలు సొంత డబ్బాలో అమ్మే సరుకు ఒకటి. ఊరూపేరూ లేని లోకల్ డబ్బా ఒకటి. తుక్కుకి వచ్చిన బండి నుంచి ఊడదీసిన ముక్క మూడోది. వీటిలో ఏది మేలని అడిగితే, ముందు ఏ సెన్సారో చెప్పమంటాను. అది పోతే బండి నడిరోడ్డు మీద ఆగిపోతుందా, మైలేజీ మాత్రమే తగ్గుతుందా అన్నదాన్ని బట్టి ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవచ్చో తేలుతుంది.

కొనేముందు అసలు పోయింది సెన్సారేనా అన్నది చూడాలి. స్కానర్ తగిలించే 16 పిన్నుల సాకెట్ ఉంది కదా అని చవక బ్లూటూత్ డాంగిల్ తెచ్చి తగిలిస్తే పాత బండి పలకకపోవచ్చు. బండే తన లోపాన్ని పట్టుకుని కోడ్ రూపంలో చెప్పే ఏర్పాటుని ఓబీడీ అంటారు. హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో బీఎస్-4 కాలుష్య నియమాలు మొదలైన 2010 ఏప్రిల్‌లో ఓబీడీ-1, 2013 ఏప్రిల్‌లో ఓబీడీ-2 తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు వచ్చిన చాలా బండ్లు తమ కంపెనీ స్కానర్‌కో, మల్టీబ్రాండ్ స్కానర్‌కో తప్ప జవాబివ్వవు. అది ఉన్న గ్యారేజీలో నాలుగు రూపాయలు ఇచ్చి కోడ్ తీయించుకోవడమే నయం.

కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సార్ పోయినట్టూ కాదు. పి0335 అంటే క్రాంక్ సిగ్నల్ సర్క్యూట్‌లో తేడా ఉందని మాత్రమే అర్థం. సెన్సార్, తీగ, కనెక్టర్, ఇంజిన్‌తో పాటు తిరుగుతూ సెన్సార్‌కి సిగ్నల్ పుట్టించే పళ్ల చక్రం, వీటిలో ఏదైనా కావచ్చు. పాత బండ్లలో కనెక్టర్ లాక్ ఎప్పుడో విరిగి ఉంటుంది, ఎవరో దానికి నల్ల టేపు చుట్టి వదిలేసి ఉంటారు. ఆ టేపు విప్పి చూడండి. పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము కనబడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పిన్ను బిగించి, మళ్లీ నడిపి చూశాకే సెన్సార్ సంగతి ఆలోచించాలి.

ఇక క్రాంక్ సెన్సార్. వీటన్నిటిలో ఎక్కువ ఏడిపించేది ఇదే, కాబట్టి దీని గురించే కాస్త ఎక్కువ చెప్తాను. ఇది పోయే తీరు చాలామందికి అనుభవమే. ఇంజిన్ బాగా వేడెక్కాక ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర బండి టక్కున ఆగిపోతుంది. అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. సెన్సార్ లోపలి సన్నని తీగ చుట్ట వేడికి సాగి ఎక్కడో తెగుతుంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. మెకానిక్‌లు దీన్ని పట్టుకోవడానికి ఆగిన బండి సెన్సార్ మీద కాసిని నీళ్లు పోసి చూస్తారు. వెంటనే స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే. పక్కనే సైలెన్సర్ పైపు కాలుతూ ఉంటుంది, చెయ్యి జాగ్రత్త.

దీనికి లోకల్ డబ్బా నేను అస్సలు ఒప్పుకోను. పళ్ల చక్రానికీ సెన్సార్ కొసకీ మధ్య ఉండే ఖాళీ ఇంచుమించు ఒక మిల్లీమీటరు. లోకల్ అచ్చులో కొస అర మిల్లీమీటరు పొట్టిగా వచ్చిందంటే, పొద్దున్నే సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి చుట్టలో పుట్టే సిగ్నల్ ఈసీయూకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కి, చాలదు. పొడుగ్గా వచ్చిందా, పళ్లకు రాసుకుంటుంది. బిగించిన రోజు బాగానే ఉందనిపించి, ఎండాకాలంలో మొదటి ట్రాఫిక్ జామ్‌లో బయటపడే సరుకు ఇది. ఒకసారి బిగించాక ఆ దుకాణం వాడు వాపసు తీసుకోడు. "ఎలక్ట్రికల్ ఐటమ్, నో రిటర్న్" అని గోడ మీద రాసే ఉంటుంది.

తుక్కు కొట్టు క్రాంక్ సెన్సార్ కూడా వద్దనే అంటాను. కారణం వేరు. అది ఒరిజినలే, అచ్చు కూడా సరిగ్గానే ఉంటుంది. కానీ మీ సెన్సార్ ఎన్నేళ్ల వేడి తిందో అదీ ఇంచుమించు అన్నేళ్లు తినే ఉంటుంది. కొట్టులో మల్టీమీటర్ పెట్టి చూస్తే రీడింగ్ వస్తుంది, ఎందుకంటే అప్పుడది చల్లగా ఉంది. పైగా ఆ పరీక్ష కూడా చుట్ట ఉండే రెండు తీగల రకానికే. చుట్టకు బదులు చిప్‌తో పనిచేసే, మూడు తీగలుండే హాల్ రకానికి ఓమ్‌లు కొలిచి లాభం లేదు, కరెంటు ఇచ్చి చక్రం తిప్పితేనే తెలుస్తుంది.

మిగిలినవి షోరూమ్ డబ్బా, సెన్సార్ కంపెనీ డబ్బా. ఈ రెండిటి మధ్య తేడా చాలాసార్లు డబ్బాలోనే ఉంటుంది. కార్ల కంపెనీలు సాధారణంగా సెన్సార్లు తాము చేసుకోవు, చేసేవాళ్ల దగ్గర కొని తమ నంబర్ వేసి అమ్ముతాయి. అందుకే పాత సెన్సార్‌ని ఊడదీశాక గుడ్డతో తుడిచి, వెలుతురులో దాని ఒంటి మీది అక్షరాలు చదవాలి. బాష్ తయారీ అయితే పదంకెల నంబర్ ఉంటుంది. క్రాంక్ సెన్సార్లది చాలావరకు 0 261 210తో మొదలవుతుంది, పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సార్లది 0 258తో. అదే నంబర్ బాష్ డబ్బా దొరికితే షోరూమ్ కోసం ఆగక్కర్లేదు, ధర కూడా తక్కువే పడుతుంది. ఒంటి మీద ఒక బ్రాండ్ ఉండి దుకాణదారు ఇంకో బ్రాండ్ చూపిస్తూ "ఇదీ సేమ్ అన్నా" అంటే మాత్రం అది సేమ్ కాదు, దానికి సరిపడేది అంతే. పనిచేయొచ్చు, కానీ షోరూమ్ సరుకుతో సమానం అనుకుని కొనకూడదు.

హ్యుందాయ్ బండ్లకు ఇంకో సులువుంది. పార్ట్ నంబర్‌లో మొదటి ఐదంకెలు వస్తువేదో చెప్తాయి. 39180 క్రాంక్, 39350 క్యామ్, 39210 ఆక్సిజన్, 39220 కూలెంట్ టెంపరేచర్. తర్వాతి ఐదూ ఏ ఇంజిన్‌దో చెప్తాయి. యాక్సెంట్ పేరుతో పెట్రోల్ బండీ వచ్చింది, సీఆర్‌డీఐ డీజిల్ బండీ వచ్చింది. కాబట్టి స్పేర్ పార్టుల బజారైన సికింద్రాబాద్ రాణీగంజ్‌లో నిలబడి "యాక్సెంట్ సెన్సార్" అని అడగడం దండగ, పూర్తి నంబర్ చెప్పాలి. షోరూమ్‌లో స్టాక్ లేకపోయినా, ఛాసిస్ నంబర్ ఇస్తే పార్ట్ నంబర్ చెప్తారు. పాత నంబర్‌కి బదులు కొత్త నంబర్ వచ్చి ఉంటే అదీ తెలుస్తుంది. ఈ పని జరిగాక కారు పార్టులు అమ్మే బూడ్‌మో లాంటి సైట్‌లో ఆ నంబర్ కొట్టి వెతకడం తేలిక. షోరూమ్‌లో లేని ముక్క ఏ ఢిల్లీ డీలర్ దగ్గరో పడి ఉండటం మామూలే.

కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ దగ్గర అంత పట్టింపు అక్కర్లేదు, పేరున్న ఏ బ్రాండైనా సరే. ఇందులో ఉండేది వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే ఒక చిన్న థర్మిస్టర్, అంతే. గ్లాసుడు వేడినీళ్లతో ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. చాలా రకాలు 20 డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర కిలో ఓమ్‌లు చూపి, 80 డిగ్రీలకు 300 ఓమ్‌ల చుట్టుపక్కలకు దిగుతాయి. అంకె గెంతకుండా మెల్లగా దిగుతుంటే బాగున్నట్టు. చవకే కదా అని తేలిగ్గా తీసుకోకండి. చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాన్ తిరగాలా వద్దా అన్నది ఈసీయూ దీన్ని చూసే నిర్ణయిస్తుంది. ఇది అబద్ధం చెబితే ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పాడయ్యే దాకా పోతుంది వ్యవహారం. కొనేటప్పుడు ఇంకో తికమక కూడా ఉంది. కొన్ని బండ్లలో డాష్‌బోర్డ్ ముల్లుకి ఒక తీగతో వేరే సెండర్ ఉంటుంది, ఈసీయూకి రెండు తీగలతో వేరే సెన్సార్ ఉంటుంది. దుకాణంలో రెండిటినీ "టెంపరేచర్ సెన్సార్" అనే అంటారు. పాతది చేతిలో పట్టుకెళ్లండి.

ఆక్సిజన్ సెన్సార్ పోయినా బండి ఆగదు, పెట్రోల్ తాగుతుంది. దీనికి షోరూమ్ ధర పెట్టడం నాకు అనవసరం అనిపిస్తుంది. చాలా బండ్లలో దీన్ని బిగించే మర ఒకటే, 18 మిల్లీమీటర్లది. అందుకని సెన్సార్ కంపెనీలే కనెక్టర్ లేని యూనివర్సల్ రకం అమ్ముతాయి. మీ పాత కనెక్టర్ కోసి దానికి కలుపుకోవాలి. ఈ తీగల్ని టంకం పెట్టి అతకకూడదు. కొన్ని రకాల్లో లోపలికి కావలసిన బయటి గాలి ఈ తీగ పోగుల మధ్య నుంచే వెళ్తుంది, టంకం దాన్ని మూసేస్తుంది. డబ్బాలో ఇచ్చిన, నొక్కి బిగించే క్రింప్ వాడితే చాలు. సెకండ్‌హ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు, అది అరిగిపోయే సరుకు.

ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే, డీజిల్ బండ్ల ఎయిర్ ఫ్లో సెన్సార్‌ది ఇంకో కథ. కొనేముందు దానికోసమే అమ్మే స్ప్రేతో కడిగి చూడండి, సగం కేసులు అక్కడే తేలతాయి. కార్బురేటర్ క్లీనర్, గుడ్డ మాత్రం తగలనివ్వకండి. కొనాల్సి వస్తే ఒరిజినలే, వేరే మాట లేదు. డూప్లికేట్లు ఎక్కువగా వచ్చేది దీనిలోనే. డబ్బా మీద హోలోగ్రామ్, ఎమ్మార్పీ, ప్యాకింగ్ నెల చూసుకోవాలి, పార్ట్ నంబర్ వేసిన బిల్లు అడగాలి. బిల్లు అనగానే ధర మారిందంటే సరుకేదో అర్థమైపోతుంది.

ఇంత చెప్పాక తుక్కు కొట్టు దండగని కాదు. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో కొనాల్సినవి ఉన్నాయి. మొదటిది కనెక్టర్, జానెడు తీగతో సహా కోయించుకుని. ఇది కొత్తది విడిగా దొరకడం కష్టం, పాతదైనా ఫ్యాక్టరీ పిన్నులు గట్టిగా ఉంటాయి. రెండోది ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి తలుపులాంటి థ్రాటిల్ బాడీ, దాని పొజిషన్ సెన్సార్‌తో కలిపి మొత్తంగా. స్విఫ్ట్ డీజిల్ వాళ్లకు ఈ కొట్లు ఇంకా కలిసొస్తాయి. ఫియట్ 1248 సీసీ ఇంజిన్ 2007లో స్విఫ్ట్‌లో వచ్చాక రిట్జ్, డిజైర్, పుంటో, లీనియా, ఇండికా విస్టా అన్నిటిలోనూ తిరిగింది. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ ఆపేసినా ముక్కలకు కరువు లేదు. అయితే ఇంజిన్ ఒకటే అయినా ఈసీయూ వేరే ఉండొచ్చు. పుంటో సెన్సార్ స్విఫ్ట్‌లో కూర్చుందని సంబరపడకుండా నంబర్ కలిసిందో లేదో చూడాలి.

గల్ఫ్‌లో బంధువులున్నవాళ్లు షార్జాలో దొరుకుతుందేమో అడుగుతుంటారు. యాక్సెంట్ అక్కడా అమ్మారు కాబట్టి దొరికే వీలుంది, పూర్తి పార్ట్ నంబర్ వాట్సాప్‌లో పంపి అచ్చంగా అదే ఉంటేనే తెమ్మనాలి. ఫోటో చూసి పోల్చుకుని తెప్పించుకుంటే బావగారి సామాన్లలో బరువు తప్ప లాభం ఉండదు.

తయారీ ఆగిపోయిన బండికి ఒరిజినల్ క్రాంక్ సెన్సార్ ఎక్కడైనా కనబడితే నేనైతే రెండు కొంటాను. ఒకటి ఇంజిన్‌కి, ఇంకోటి దాని బోల్టుకి సరిపడే స్పానర్‌తో సహా డాష్‌బోర్డ్ డబ్బాలోకి.