నాలుగేళ్ళ ఫ్లాష్‌కార్డ్ యాప్: నా గొడవంతా ఆ ‘కష్టం’ బటన్‌తోనే

జర్మన్ మాటలు నేర్చుకోవడానికి నాలుగేళ్ళ నుంచి ఫోన్‌లో ఫ్లాష్‌కార్డ్ యాప్ వాడుతున్నాను. దాని పేరు చెప్పను. చెప్పినా ఒరిగేదేం లేదు, ఈ రకం యాప్‌లు చాలావాటికి బటన్ల వరస ఒకటే. కార్డుకి ఒకవైపు ప్రశ్న, ఇంకోవైపు జవాబు, మరిచిపోయే వేళకి అది మళ్ళీ ఎదురుపడటం, ఇవన్నీ మీకు తెలిసినవే. డెక్‌లు, అంటే కార్డుల కట్టలు, ఎక్కించుకోవడం, థీమ్ మార్చుకోవడం లాంటివాటికి వీడియోలు కుప్పలుగా ఉన్నాయి, అవి చూసుకోండి.

నేను రాయాలనుకున్నది ఒక్క బటన్ గురించే. జవాబు చూశాక కింద నాలుగు వస్తాయి: మళ్ళీ, కష్టం, సరే, తేలిక. వాటిలో ఆ రెండోదాన్ని నమ్ముకుని దాదాపు రెండేళ్ళు నా కొంప నేనే ముంచుకున్నాను.

మొదటి ఏడాది ఈ యాప్‌ని ఎంత మెచ్చుకున్నానో లెక్క లేదు. కనిపించిన ప్రతివాళ్ళ చేతా ఇన్‌స్టాల్ చేయించాను. అది నొక్కితే కార్డు మళ్ళీ ఎన్నాళ్ళకి వస్తుందో ఒక్కో బటన్ పైన చిన్న అక్షరాలతో ఉంటుంది కదా, ‘4 రోజులు’, ‘2 నెలలు’ అని, ఆ గడువు చూస్తే భలే సరదాగా ఉండేది. ఒకసారి ‘ఫైరాబెంట్’ అనే మాట ఏడు నెలల తర్వాత వచ్చింది. రోజు పని అయిపోయాక మనకంటూ మిగిలే సమయం అని అర్థం. ఒక్క రెండు క్షణాలు తడుముకున్నాను, నాలుక చివరికి వచ్చేసింది. ఏడు నెలల్లో దాన్ని ఎక్కడా చదవలేదు, వినలేదు. ఎవరో లోపల కూర్చుని నా కోసం దాచిపెట్టి, సమయానికి అందించినట్టు అనిపించింది. ఆ రోజు నేను చెప్పిన మాటలు ఇప్పటికీ చాలావరకు నిజమే. ‘చాలావరకు’ అన్న మాట మాత్రం అప్పుడు వాడలేదు.

ఇక అసలు సంగతి. రెండో ఏడాది చివర్లో జ్వరం వచ్చి పది రోజులు ఫోన్ ముట్టుకోలేదు. లేచాక యాప్ తెరిస్తే 1,900 పైచిలుకు కార్డులు నా కోసం కాచుకుని ఉన్నాయి. పది రోజులకి అన్నెందుకు పేరుకున్నాయి? జ్వరానికి ముందు కూడా రోజుకి రెండు వందల యాభై దాకా వస్తుండేవి, నేనే గమనించలేదు. రోజుకి 20 కొత్త మాటలతో మొదలుపెట్టి, భారమైపోయి ఐదుకి తగ్గించుకున్నాను. అయినా పాత కుప్ప కరగలేదు, పెరుగుతూనే ఉంది. జ్వరం నీరసంలో వేరే పని చేయలేక, మొదటిసారి గణాంకాల పేజీలోకి వెళ్ళి కూర్చున్నాను.

అక్కడ దొరికింది దొంగ. దాన్ని వివరించాలంటే కొంచెం లెక్క తప్పదు. నా యాప్ అప్పట్లో వాడిన సూత్రానికి మూలం ఎస్‌ఎమ్-2, పోలండ్‌కి చెందిన పియోటర్ వోజ్నియాక్ 1987లో చేసింది. ప్రతి కార్డుకీ ఒక శాతం ఉంటుంది, మొదట 250. ‘సరే’ నొక్కితే గడువు ఆ శాతం లెక్కన పెరుగుతుంది, అంటే మొదట్లో రెండున్నర రెట్లు అవుతుంది. ‘కష్టం’ నొక్కితే 1.2 రెట్లే పెరుగుతుంది, పైగా ఆ శాతంలోంచి 15 కోత. ‘మళ్ళీ’కి 20 కోత, గడువు మొదటికి. అడుగు 130, అంతకన్నా దిగదు. అంటే ఎనిమిది సార్లు ‘కష్టం’ అంటే చాలు, కార్డు అడుగంటుతుంది.

అడుగంటితే ఏమవుతుంది? పది రోజుల గడువున్న మంచి కార్డు ‘సరే’ అన్న ప్రతిసారీ 25, 62, 156 రోజులకి దూకుతుంది. మూడు గెంతుల్లో ఐదు నెలలు దాటింది. అదే అడుగంటిన కార్డు 13, 17, 22, 29 అంటూ నత్తలా పాకుతుంది. ఆ ఐదు నెలలు దాటడానికి పదకొండు సార్లు నా ముందుకి రావాలి. నా దగ్గరున్న కార్డుల్లో మూడో వంతు ఆ అడుగునే పడి ఉన్నాయి. రోజూ వచ్చే రెండు వందల యాభైలో ఎక్కువ భాగం అవే.

తప్పు సూత్రానిది కాదు. ఆ మూల సూత్రంలో మార్కులు సున్నా నుంచి ఐదు దాకా ఉంటాయి. మూడు అంటే చాలా కష్టపడి గుర్తు తెచ్చుకున్నా జవాబు సరైనదే అని అర్థం. మూడుకి తక్కువైతే తప్పినట్టే. అంటే ‘కష్టం’ కూడా పాస్ మార్కే. నేనేమో మరిచిపోయినప్పుడల్లా అదే నొక్కాను.

ఎందుకంటే రాత్రి పదకొండు అవుతుంది, ఇంకా ముప్ఫై కార్డులు మిగిలి ఉంటాయి. ‘మళ్ళీ’ నొక్కితే అదే కార్డు పది నిమిషాల్లో తిరిగొస్తుంది. ‘కష్టం’ నొక్కితే ఈ రోజుకి పీడ విరగడ అవుతుంది. మనసుకి సర్దిచెప్పుకోవడానికి కూడా ఆ మాట బాగుంటుంది. ‘మరిచిపోలేదులే, కష్టంగా ఉంది అంతే. జవాబు చూడగానే ఓ ఇదేగా అనిపించింది కదా!’ చూశాక ఎవరికైనా అనిపిస్తుంది. ఫోన్ మీద ఇది ఇంకా సులువు, బొటనవేలు మన అనుమతి కోసం ఆగదు. కంప్యూటర్ ముందు కూర్చుని చేసిన రోజుల్లో నేను ఇంత మోసం చేయలేదని ఆ రికార్డులే చెప్పాయి.

1885లో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాల గుంపుల్ని బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో తన మీదే కొలుచుకున్నాడు. మరుపు గీత అని ఇప్పుడు అందరూ చూపించే బొమ్మకి మూలం అదే. నేనూ నా మీదే ప్రయోగం చేసుకున్నాను, కాకపోతే దొంగ లెక్కలు రాశాను.

ఈ దొంగతనం వల్ల ఇంకో నష్టం ఉంది, అది ఇంకా ఆలస్యంగా తెలిసింది. యాప్‌లో ‘జలగ’ అనే ఏర్పాటు ఉంది. ఏదైనా కార్డు ఎనిమిది సార్లు తప్పితే దాన్ని పక్కన పెట్టి, ఈ మాట నీ రక్తం తాగుతోంది, ఏదో ఒకటి చెయ్ అని గుర్తు పెడుతుంది. రెండేళ్ళలో నాకు జలగలు పట్టుమని పది కూడా లేవు. దాన్ని గొప్పగా కూడా చెప్పుకున్నాను. ఉండవు మరి, ‘మళ్ళీ’ నొక్కితే కదా తప్పినట్టు!

ఆ తర్వాత నిజం నొక్కడం మొదలుపెట్టాను. ఐదు నెలల్లో 140 జలగలు తేలాయి. వాటిని వరసగా పెట్టి చూస్తే ఒక కుటుంబం కనిపించింది: ఫెర్‌లస్సెన్, ఎంట్‌లస్సెన్, యూబర్‌లస్సెన్, హింటర్‌లస్సెన్. అన్నిటికీ తోక ఒకటే. వెనకవైపు నేను తెలుగులో రాసుకున్న అర్థాలు చూసి నవ్వొచ్చింది. వదలడం, వదిలేయడం, వదిలిపెట్టడం, వదిలి వెళ్ళడం! అలా రాసుకుంటే ఏ బుర్రకి మాత్రం తేడా తెలుస్తుంది? ఆ నాలుగు కార్డులూ తీసేసి, ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాశాను. గదిలోంచి బయటికి వెళ్ళడానికి ఫెర్‌లస్సెన్. ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ చేయడానికి ఎంట్‌లస్సెన్. ‘నిర్ణయం నీకే వదిలేస్తున్నా’ అనడానికి యూబర్‌లస్సెన్. ఫోన్ ఎత్తనివాళ్ళకి మెసేజ్ పెట్టడానికి హింటర్‌లస్సెన్. తర్వాత మూడింటి బాధ పోయింది. యూబర్‌లస్సెన్ మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ జారిపోతుంది.

ఈ మధ్యలో 2023లో ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త సూత్రం వచ్చి చేరింది. అందరికీ ఒకే 250 అని కాకుండా, మన పాత రికార్డు చూసి మనం మరిచిపోయే తీరుని అది నేర్చుకుంటుంది. నా పాత రికార్డు ఏంటో మీకు తెలుసు. అది నా దొంగ ‘కష్టం’లన్నిటినీ గుర్తున్నట్టే లెక్కేసి, నాకు అద్భుతమైన జ్ఞాపకశక్తి ఉందని నమ్మి, మాటల్ని నెలల దూరంలోకి విసిరేసింది. చివరికి ఫలానా తేదీకి ముందువి లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే సెట్టింగ్ పెట్టి, రెండేళ్ళ చరిత్రని చేతులారా చెత్తబుట్టలో వేశాను. ఆ తర్వాత బాగానే నడుస్తోంది. ఇప్పుడు రోజుకి తొంభై కార్డులు, ఇరవై నిమిషాలు.

ఫోన్లు లేని కాలంలో, 1970లలో, లైట్నర్ అనే పాత్రికేయుడు అట్టపెట్టెతో ఇదే పని చేయించేవాడు. జవాబు చెప్పగలిగితే కార్డు తర్వాతి అరలోకి వెళ్తుంది, తప్పితే మొదటి అరలోకి వచ్చి పడుతుంది. ఆ పెట్టెలో ‘కష్టం’ అనే అర లేదు. ఇది చదివిన రోజే సెట్టింగుల్లోకి వెళ్ళి బటన్లు నాలుగూ దాచేశాను. ఎడమకి తోస్తే మళ్ళీ, కుడికి తోస్తే సరే. అంతే.

మొదట్లో నేను చేసిన పొగడ్తల్లో ఇంకో రెండు సవరించుకోవాలి. ‘ఆరు వందల రోజులు ఒక్క రోజు కూడా మానలేదు’ అని చెప్పుకునేవాణ్ణి. నిజమే, మానలేదు. కానీ వాటిలో కనీసం వంద రోజులు బొటనవేలు చదివింది, నేను కాదు. రెండోది, తయారుగా దొరికే మూడు వేల మాటల డెక్ గురించి. అది దించుకోమని చాలామందికి చెప్పాను, క్షమించాలి. నా బుర్రలో నిలిచినవన్నీ ఏదో చదువుతూ నేను ఆగి, నా చేత్తో రాసుకున్న కార్డులే. ఆ పెద్ద డెక్ నుంచి మిగిలినవి తక్కువ.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. కార్డు మీద టక్కున తెలిసే మాట ఎదుటి మనిషితో మాట్లాడుతున్నప్పుడు రాదు. ‘ఫైరాబెంట్’ మాటే తీసుకోండి, ఒక ఫోన్ సంభాషణలో దాని అవసరం పడింది, నోట్లోంచి రాలేదు. ఫోన్ పెట్టేశాక వచ్చింది. దానికి మందు ఈ యాప్‌లో ఉందని నేను అనుకోవడం లేదు.

కొనమంటారా, వాడమంటారా అని అడిగితే నా దగ్గర సూటి జవాబు లేదు. నాకు టీచర్ లేరు, క్లాస్ లేదు, దొరికేవి అక్కడో పది నిమిషాలు, ఇక్కడో పది నిమిషాలు. ఆ పరిస్థితిలో ఇంతకన్నా పనికొచ్చింది నాకేదీ దొరకలేదు. మీకు మాట్లాడే మనుషులు, వెళ్ళడానికి క్లాసు ఉంటే ఇది పక్క వాద్యం మాత్రమే. పరీక్ష రెండు నెలల్లో ఉంటే అసలు మొదలుపెట్టకండేమో, ఏడు నెలల తర్వాత గుర్తు చేసే యంత్రంతో మీకేం పని? రోజు మానితే టెన్షన్ పడే స్వభావం ఉన్నవాళ్ళకి, వరసగా ఎన్ని రోజులు మానలేదో చూపిస్తూ పెరిగే ఆ అంకె మంచిది కాదని కూడా అనిపిస్తుంది. నాకు ఆ స్వభావం ఉంది, అయినా వాడుతున్నాను.

పోయిన నెల ఫోన్ మార్చాను. కార్డులన్నీ క్షేమంగా వచ్చేశాయి కానీ తోసే సెట్టింగులు రాలేదు, నాలుగు బటన్లూ తిరిగొచ్చాయి. గమనించేసరికి అప్పటికే మూడు కార్డులకి ‘కష్టం’ నొక్కేశాను. అందులో ఒకటి యూబర్‌లస్సెన్.