‘చప్పుడు కూడా తగ్గుతుంది’ అని అమ్మే మజిల్ బ్రేక్ జోలికి పోకండి

టెక్సాస్‌లోనూ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ రేంజికి వెళ్ళే, అడవి పందుల వేటకు వెళ్ళే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది. ఆన్‌లైన్‌లో ‘త్రీ ఇన్ వన్’ పేరుతో ఒక మజిల్ బ్రేక్ (తుపాకీ గొట్టం, అంటే బ్యారెల్, చివర మరకు బిగించే భాగం) అమ్ముతున్నారు. భుజానికి కిక్ తగ్గుతుందట, మంట కనపడదట, పైగా చప్పుడు కూడా తగ్గుతుందట. ధర చూస్తే పేరున్న బ్రేకుల్లో మూడోవంతు. నా .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి తెప్పించి బిగించాను. కిక్ తగ్గిన మాట నిజం, అంతవరకు ఒప్పుకోవాలి. మిగతాదంతా మోసం.

చప్పుడు సంగతి ముందు చెబుతాను. పైన రేకు కప్పు, కింద సిమెంటు నేల ఉన్న షెడ్డులో కాల్చాం. మొదటి గుండుకే పక్క బెంచీ మీదున్న మా బావమరిది టార్గెట్ కాగితాలు ఎగిరి కిందపడ్డాయి. రెండో గుండు తర్వాత వాడు ఇయర్‌మఫ్‌లు రెండు చేతులతో అదిమి పట్టుకుని, “బావా, అది పీకేస్తావా, నన్ను ఇంటికి పొమ్మంటావా?” అన్నాడు. రైఫిల్ వెనకున్న నాకంటే పక్కనున్న వాడికే ఎక్కువ తగిలింది. బ్రేక్ పనిచేసే తీరే అది.

గుండు బయటికి రాగానే దాని వెనక మందు మండిన వాయువు విపరీతమైన పీడనంతో దూసుకొస్తుంది. బ్రేక్ ఆ వాయువును రంధ్రాల గోడలకు కొట్టించి పక్కలకూ, కొంత వెనక్కీ తిప్పుతుంది. ఆ తాకిడికి రైఫిల్ ముందుకు లాగబడుతుంది కాబట్టి భుజం మీద దెబ్బ తగ్గుతుంది. కాకపోతే చప్పుడును మోసుకొచ్చేదీ ఆ వాయువే. ముందుకు పోవాల్సిన మోతను మన మొహం వైపూ పక్కవాడి మొహం వైపూ తిప్పుతున్నామన్నమాట. ఏమీ బిగించకపోయినా .308 పేలుడు 160 డెసిబెల్స్ దాటుతుంది. పని చేసేచోట ఇలాంటి హఠాత్ శబ్దాలకు అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పెట్టిన గీత 140. బ్రేక్ పెడితే కాల్చేవాడి చెవి దగ్గర ఇంకో 5 నుంచి 10 డెసిబెల్స్ పెరగడం మామూలే. 6 పెరిగిందంటే పీడనం రెట్టింపైనట్టు. కిక్ బాగా తగ్గించే బ్రేక్ ఏదైనా చెవికి కటువుగానే ఉంటుంది. రెండూ తగ్గిస్తానని ఎవడైనా అన్నాడంటే ఒకటి అబద్ధం.

అబద్ధం కాకపోతే ఇంకా పెద్ద చిక్కు. కాల్చినప్పుడు వచ్చే చప్పుడును తగ్గించే పరికరం ఏదైనా అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సైలెన్సరే. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కింద వేలిముద్రలు, ఫోటో ఇచ్చి, తుపాకుల చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ ఆమోదం వచ్చాకే చేతికి రావాలి. 200 డాలర్ల పన్ను 2026 జనవరి నుంచి సున్నా అయింది కానీ రిజిస్ట్రేషన్ పోలేదు. ‘ఇది బ్రేకే కదా’ అన్నా నడవదు. సిగ్ సావర్ అంత పెద్ద తుపాకుల కంపెనీయే తొమ్మిదిన్నర అంగుళాల భాగమొకటి పెట్టి అది మజిల్ బ్రేక్ అని వాదిస్తే, ఏటీఎఫ్ సైలెన్సరేనంది. 2016లో ఫస్ట్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టూ ఏటీఎఫ్ మాటనే నిలబెట్టింది. అలాంటిది మామూలు పోస్టులో ఇంటికొచ్చే వస్తువు మీద ‘చప్పుడు తగ్గిస్తుంది’ అని రాసి అమ్మేవాణ్ణి ఏమనాలి? అది నిజమైతే జైలుకు పోయేది కొన్నవాడు కూడా. ఇంకో మాట, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే మామూలుగా నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప ఈ వ్యవహారాల్లోకి అసలు దిగకండి.

ఇక గురి. అంతకుముందు వంద గజాల్లో అంగుళంలో పడే గుళ్ళు, ఇది బిగించాక బెత్తెడు మేర చెదిరాయి. బ్యారెల్ చివర బరువు పెరిగితే అది అదిరే తీరు మారుతుంది, కాబట్టి ఎంత మంచి బ్రేక్ పెట్టినా గుండు పడే చోటు కాస్త జరుగుతుంది. మళ్ళీ జీరో చేసుకుంటే, అంటే స్కోపును కొత్త చోటికి సరిచేసుకుంటే, సరిపోతుంది. గుంపంతా ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగడం వేరు, గుంపే విచ్చిపోవడం వేరు. విచ్చిపోయిందంటే ఎక్కడో తేడా ఉందనే.

విప్పి వెలుతుర్లో పట్టుకుని చూశాను. ముందు రంధ్రం అంచున, ఒక పక్క మాత్రమే, గోరంత పొడవున ఎర్రగా రాగి గీత. గుండు మీది రాగి తొడుగు రాసుకుంటూ పోయింది! .308 గుండు వ్యాసం 0.308 అంగుళాలు. బ్రేక్ రంధ్రం సాధారణంగా దానికంటే 0.02 అంగుళం పెద్దదిగా ఉంటుంది, అంటే చుట్టూ పదేసి వేయో వంతులే ఖాళీ. రంధ్రం మరకు సరిగ్గా నడిమధ్యన లేకపోతే ఆ ఖాళీ ఒక పక్క మిగిలి రెండో పక్క మాయమవుతుంది. గుండు తగలకపోయినా, వాయువు ఒక పక్క ఎక్కువ తోస్తే గురి పాడవుతుంది. తగిలితే బ్రేక్ పగిలి ముక్కలు ఎగరొచ్చు. అలాంటి గీత కనపడితే ఇంకో గుండు కాల్చొద్దు.

అమ్మినవాడికి ఫోటోలు పంపితే మొదట “బిగించారు కాబట్టి వాపసు లేదు” అన్నాడు. తర్వాత మాట మార్చి మీ బ్యారెల్ మరే వంకరన్నాడు. గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్తే బ్యారెల్‌లో అలైన్‌మెంట్ రాడ్డు దూర్చి చూశాడు. మర, దాని భుజం (బ్రేక్ వచ్చి ఆనే అంచు) రెండూ నిక్కచ్చిగా ఉన్నాయి. వంకరంతా బ్రేక్‌దే. ఆ మాట రాసి పంపాక జవాబు లేదు.

బ్రేక్ బిగించాక అది వంకరగా ఉందేమో ఇంట్లోనే చూసుకోవచ్చు. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బోల్ట్ తీసేసి, వెనక నుంచి బ్యారెల్ గుండా వెలుతురు వైపు చూడండి. నిండు వలయం కనపడాలి. ఒక పక్క నెలవంకలా కోసుకుపోయినట్టుంటే అది మీకొద్దు. కొనేముందు మర సైజు ఒక్కటి సరిపోయిందని ఊరుకోకండి. .308కి మామూలుగా 5/8-24, .223కి 1/2-28 అంటారు కానీ, ఒకే మరతో వేర్వేరు క్యాలిబర్ల (గుండు సైజుల) పరికరాలూ ఉంటాయి. రంధ్రం సైజు ఎంతో చెప్పమనండి. చెప్పలేనివాడి దగ్గర కొనొద్దు.

మంట తగ్గితే చాలనుకునేవాళ్ళకు ఫ్లాష్ హైడర్ చాలు. చెవి దగ్గర మోత తగ్గాలంటే లీనియర్ కంపెన్సేటర్ ఉంది, అది వాయువును ముందుకు తోస్తుంది. మొత్తం చప్పుడు అంతే ఉంటుంది, మన వైపు తక్కువ వస్తుంది, కిక్ మాత్రం తగ్గదు. నిజంగా చప్పుడు తగ్గాలంటే రిజిస్టరైన సప్రెసరే (పైన చెప్పిన సైలెన్సరే) దారి. అదైనా 20-30 డెసిబెల్స్ తగ్గిస్తుందంతే. ధ్వని వేగాన్ని మించి పోయే గుండు చేసే చిటపట అలాగే వినపడుతుంది, సినిమాల్లోలా ‘తుస్’ అనదు.

బ్రేక్ ఉన్న రైఫిల్ పక్కన కూర్చుంటే ఫోమ్ ప్లగ్గులూ మఫ్‌లూ రెండూ పెట్టుకోండి. ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తాయో చెబుతూ డబ్బాల మీద రాసిన 33, 22 కలిపి 55 అవుతుందని లెక్కేయకండి. ఎక్కువున్న దానికి ఇంకో 5 కలుస్తుందంతే. లోపలి చెవిలో చచ్చిపోయిన రోమకణాలు మళ్ళీ పుట్టవు.

కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను, గన్‌స్మిత్ కాగితం కూడా జత చేశాను, ఇంకా తేలలేదు. ఈలోగా అదే వస్తువు, అదే ఫోటో, కొత్త పేరుతో మళ్ళీ కనపడింది. ఈసారి ధర ఇంకో పది డాలర్లు తక్కువ.