డీఎన్‌ఏ పోలిక అంకె: జ్యూరీకి ఏ రూపంలో చెబితే మేలు?

నేరస్థలంలో దొరికిన మరక డీఎన్‌ఏ ముద్దాయి డీఎన్‌ఏతో సరిపోలిందని నిపుణుడు చెప్పగానే, అలాంటి పోలిక కాకతాళీయంగా కుదిరే అవకాశం ఎంత అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబుగా వచ్చే అంకె ఒక్కటే అయినా, దాన్ని నిష్పత్తిగా చెప్పవచ్చు, తలల లెక్కగా చెప్పవచ్చు, బేయ్స్ సూత్రంలో (ముందున్న అంచనాను కొత్త సాక్ష్యాన్ని బట్టి సవరించే గణిత సూత్రం) పెట్టవచ్చు, లేదా రెండు వాదాల బలాబలాల తూకంగా చూపవచ్చు. ఏ రూపంలో చెప్పారన్న దాన్నిబట్టి వినేవారికి తట్టే అర్థం మారిపోతుందనడానికి ఇంగ్లండ్ కోర్టుల అనుభవమే సాక్ష్యం.

ఎక్కువగా వాడుకలో ఉన్నదీ, ఎక్కువ చిక్కులు తెచ్చినదీ నిష్పత్తి. 1990లో మాంచెస్టర్‌లో జరిగిన ఆండ్రూ డీన్ అత్యాచార కేసు విచారణలో ఆ అంకె 30 లక్షల్లో ఒకటి. అయితే ఇది డీన్ కాక మరో మగవాడు అయ్యే అవకాశం 30 లక్షల్లో ఒకటేనా అని ప్రాసిక్యూషన్ న్యాయవాది అడిగారు, నిపుణుడు అవునన్నారు. నిజానికి ఆయన లెక్కగట్టింది, నేరంతో సంబంధం లేని ఒక మగవాణ్ణి ఎవరినో తీసుకొస్తే అతని డీఎన్‌ఏ మరకతో సరిపోలే అవకాశాన్ని. ఆయన ఒప్పుకున్నది మాత్రం, సరిపోలిన మనిషికి నేరంతో సంబంధం లేకపోయే అవకాశాన్ని. ఆవుకు నాలుగు కాళ్లుంటాయి కనుక నాలుగు కాళ్లున్న ప్రతిదీ ఆవే అన్నట్టుగా ఉంది ఈ వరస. అంకెల ముసుగులో ఉండేసరికి కోర్టు హాల్లో అప్పటికప్పుడు దాన్ని పట్టుకోవడం కష్టం. 1993లో అప్పీలు కోర్టు ఆ శిక్షను కొట్టివేసి పునర్విచారణకు ఆదేశించింది.

తలల లెక్కకు మూలం 1996లో డోహెనీ, ఆడమ్స్ అప్పీళ్లపై అదే కోర్టు ఇచ్చిన తీర్పు. పది లక్షల మందిలో ఒకరికి ఉండే డీఎన్‌ఏ నమూనా అయితే, బ్రిటన్ మొత్తంమీద సుమారు 26 మంది మగవాళ్లకు అది ఉండవచ్చునని, ముద్దాయి గురించి ఇంకేమీ తెలియకపోతే అతనే నేరస్థుడయ్యే అవకాశం 26లో ఒకటి మాత్రమేనని తీర్పు వివరించింది. అంకె అదే, కానీ ‘పది లక్షల్లో ఒకటి’ అని విన్న చెవికీ, ‘26 మందిలో ఒకడు’ అని విన్న చెవికీ తోచేది ఒకటి కాదు. పైగా ఈ లెక్క, ఆ 26 మందిలో ఆ రోజు ఆ ఊళ్లో ఉన్నదెవరు, బాధితురాలు చెప్పిన పోలికలు ఎవరికి సరిపోతాయి అన్న మామూలు ప్రశ్నల దగ్గరికి జ్యూరీని తీసుకువెళుతుంది.

బేయ్స్ సూత్రాన్ని నేరుగా ప్రయోగించినది మరో ఆడమ్స్, అంటే డెనిస్ ఆడమ్స్ కేసులో. డీఎన్‌ఏ అంకె 20 కోట్లలో ఒకటని ప్రాసిక్యూషన్ చెప్పగా, బాధితురాలు అతణ్ణి గుర్తించలేకపోయింది, ఆ రాత్రి అతను తనతోనే ఉన్నాడని అతని స్నేహితురాలు సాక్ష్యమిచ్చింది. పునర్విచారణలో జ్యూరీ సభ్యులకు ఒక ప్రశ్నపత్రం ఇచ్చి, ఇతనే దోషి అయితే బాధితురాలు గుర్తించలేకపోయే అవకాశం ఎంత వంటి ప్రశ్నలకు తలా ఒక అంకె వేసి గుణించుకోమన్నారు. గణితపరంగా వంక పెట్టడానికి వీల్లేదు. అయినా సాక్షి మాటను నమ్మాలా వద్దా అని ఆలోచించవలసిన పన్నెండు మందిని గుణకారాలకు కూర్చోబెట్టడం సరికాదని 1997లో అప్పీలు కోర్టు తేల్చింది. నా ఉద్దేశంలోనూ అది సబబే.

ముద్దాయి డీఎన్‌ఏయే అయితే ఈ ఫలితం వచ్చే అవకాశం, ముక్కూ మొహం తెలియని మరొకరిదైతే వచ్చే అవకాశానికి ఎన్ని రెట్లు అని చెప్పేది తూకం పద్ధతి. ఇద్దరు ముగ్గురి డీఎన్‌ఏ కలిసిపోయిన మరకలకు ఇదే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ తలలు లెక్కపెట్టడం అంత తేలిక కాదు. సామాన్యుడు మాత్రం దీన్ని కూడా డీన్ కేసులో నిపుణుడు తిప్పినట్టే తిప్పి వినగలడు.

అందుకే ఒకే మనిషి మరక అయినప్పుడు తలల లెక్కకే నా ఓటు, అయితే రెండు మినహాయింపులతో. వంద కోట్లలో ఒకటి అనే నేటి అంకెలకు బ్రిటన్ జనాభాలో ‘మనుషులు’ ఒకరికన్నా తక్కువగా తేలి, మళ్లీ ‘ఇతనే’ అన్న భ్రమ వస్తుంది. రక్తసంబంధీకుల సంగతి ఇంకా ముఖ్యం: 2010లో అమెరికా సుప్రీంకోర్టు వరకూ వెళ్లిన నెవాడా కేసులో, ముద్దాయి సోదరుడి డీఎన్‌ఏ సరిపోలే అవకాశం 6,500లో ఒకటని విచారణలో చెప్పగా, నలుగురు సోదరులనూ కలుపుకుంటే కనీసం ఒకరిది సరిపోలే అవకాశం 66లో ఒకటని, ఆ అంకెను తప్పుబడుతూ, తరువాత మరో నిపుణుడు లెక్కగట్టారు. అన్నదమ్ములున్న చోట వాళ్లను విడిగా పరీక్షించకుండా ఏ లెక్కనూ నమ్మకూడదు.

మన దగ్గర జ్యూరీ లేదు. నివేదికను చదివి తీర్పు చెప్పేది న్యాయమూర్తే. డీఎన్‌ఏ సాక్ష్యానికి ఇవ్వవలసిన విలువ కేసును బట్టి మారుతుందని 2019లో పట్టు రాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘సరిపోలినది’ అన్న ఒక్క మాటతో ముగిసి, ఎంతమందితో సరిపోలగలదో చెప్పని నివేదిక ఎదురైతే, డిఫెన్స్ న్యాయవాది క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముందుగా అడగవలసినది ఆ అంకెనే.