అసెంబ్లీ పాఠానికి ఏ ఆట: హ్యూమన్ రిసోర్స్ మెషీనా, షెన్‌జెన్ ఐ/ఓనా?

అసెంబ్లీ భాషను (ప్రాసెసర్‌కు ఒక్కో ఆదేశంగా పని చెప్పే ప్రోగ్రామింగ్ భాషను) ఆటతో మొదలుపెట్టదలచిన అధ్యాపకులు ఈ రెండు కంప్యూటర్ ఆటలనూ పరిశీలించవచ్చు. 2015లో వచ్చిన హ్యూమన్ రిసోర్స్ మెషీన్‌లో ఒక గుమస్తా ఎడమ బెల్టు మీద వచ్చే అంకెలను అందుకొని, అవసరమైతే నేల మీది గడుల్లో దాచి, లెక్క తేలాక కుడి బెల్టు మీద పెడతాడు. అతని చేతులే అక్యుములేటర్ (ప్రాసెసర్ లెక్కలో ఉన్న విలువను పట్టుకునే చోటు), ఆ గడులే మెమరీ అన్న సంగతి విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు. ఉన్నవి 11 ఆదేశాలే కనుక గుణకారాన్ని సైతం కూడికలతో, జంప్‌లతో (ప్రోగ్రామ్‌లో మరో వరుసకు దూకించే ఆదేశాలతో) కట్టుకోవాలి.

చిప్‌లతో సర్క్యూట్లు కట్టించే 2016 నాటి షెన్‌జెన్ ఐ/ఓ అంత తేలికగా లొంగదు. ముందు చిప్‌ల వివరాలుండే డేటాషీట్లు చదవాలి (మన విద్యార్థులు తప్పించుకు తిరిగే పని ఇదే). చిన్న చిప్ అయిన ఎంసీ4000లో 9 వరుసల ప్రోగ్రామే పడుతుంది కాబట్టి, పనిని చిప్‌లకు పంచి, వాటి మధ్య తీగలు వేసి, కాలాన్ని సరిచూసుకోవాలి. ఖర్చు, విద్యుత్ వినియోగం కూడా కొలతలోకి వస్తాయి.

తొలి వారాలకు మొదటిదే మేలు. ఎంబెడెడ్ సిస్టమ్స్ (పరికరాల్లో ఇమిడి ఉండే కంప్యూటర్లు) చదివేవారికి నా ఓటు రెండోదానికే. స్టాక్ (విలువలను ఒకదానిపై ఒకటి పేర్చి, పైనుంచి తీసుకునే మెమరీ), ఇంటరప్ట్‌లు (నడుస్తున్న పనిని ఆపించి ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలు) ఈ రెండు ఆటల్లోనూ లేవు, వాటికి నిజమైన చిప్ ఉన్న బోర్డే దిక్కు.