ఒక్క వాద్యంలో ఎన్ని గొంతులు: బెరియో సీక్వెంజాల సంపుటి

ఇటలీ స్వరకర్త లూచానో బెరియో 1958లో ఫ్లూట్ కోసం ఒక చిన్న రచన చేసి దానికి ‘సీక్వెంజా’ అని పేరు పెట్టారు. ఆ తర్వాత 2002 వరకు, వాద్యానికొకటి చొప్పున, మధ్యలో ఒకటి స్త్రీ కంఠానికి కూడా కలిపి, మొత్తం పద్నాలుగు సీక్వెంజాలు రాశారు. వాటిలో మొదటి పదమూడింటిని డాయిచ గ్రామోఫోన్ సంస్థ 1998లో మూడు సీడీల సంపుటిగా తెచ్చింది. వాయించినవారిలో ఎక్కువమంది ఫ్రెంచ్ స్వరకర్త పియెర్ బూలెజ్ 1976లో పారిస్‌లో స్థాపించిన ఆన్‌సాంబ్ల్ ఎంతెర్‌కోంతాంపొరెన్ బృందంలోని విద్వాంసులు. కర్ణాటక సంగీతం వింటూ పెరిగినవారు ఆధునిక పాశ్చాత్య సంగీతంలో ముందుగా ఏది వినాలని అడిగితే నేను ఈ సంపుటినే చెబుతాను. ఇక్కడ రాగమూ లేదు, మనకు తెలిసిన తాళమూ లేదు. కానీ ఒక్క విద్వాంసుడు ఒక్క వాద్యాన్ని చేతబట్టి దాని లోతు ఎంతో తేల్చుకోవడం మన కచేరీ శ్రోతకు కొత్త కాదు.

హోలిగర్ అనే స్విట్జర్లాండ్ ఓబో (మన సన్నాయిలాంటి ఊదే వాద్యం) విద్వాంసుడి కోసం 1969లో రాసిన ఏడవ సీక్వెంజాతో మొదలుపెట్టడం మంచిది. ఇందులో మొదటి నుంచి చివరి దాకా వెనక ఎక్కడినుంచో ‘బి’ అనే ఒకే స్వరం సన్నగా మోగుతూనే ఉంటుంది. తంబూరా గుర్తుకు రాక మానదు. లాస్లో హదాది ఊదే ఓబో మొదట ఆ ఒక్క స్వరాన్నే పట్టుకుని, వేళ్ల పట్టు మార్చి మార్చి, స్థాయి కదలకుండానే దాని రంగును మాత్రం మారుస్తూ పోతుంది. ఒకసారి నిండుగా, ఒకసారి బోలుగా, ఒకసారి జీరగా పలికే ఆ స్వరాన్ని విన్నప్పుడు, శ్రుతిలో నిలవడం అంటే కదలకుండా ఉండడమనే నా అభిప్రాయం మారిపోయింది. తర్వాత కొత్త స్వరాలు ఒక్కొక్కటిగా చేరి, ఓబో శ్రుతికి దూరంగా పరుగులు తీస్తుంది. అయినా మన చెవి మాత్రం వెనక మోగుతున్న ఆ సన్నని గీత దగ్గరే కూర్చుని ఉంటుంది.

నన్ను ఎక్కువగా కట్టిపడేసింది ట్రంపెట్ కోసం 1984లో రాసిన పదవది. ఒక పియానో విద్వాంసుడు శబ్దం రాకుండా కొన్ని మెట్లను నొక్కి పట్టుకుంటాడు. ట్రంపెట్ వాదకుడు గాబ్రియేలే కసోనే కొన్నిచోట్ల తన వాద్యాన్ని ఆ పియానో లోపలికి తిప్పి ఊదుతాడు. అప్పుడు ఎవరూ మీటకుండానే పియానో తీగలు, సితారులోని తరబ్ తీగల్లా, వాటంతటవే మోగుతాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే ట్రంపెట్ ఆగిన చోట పొగలాంటి ఒక నాదం లేచి మెల్లగా విడిపోవడం స్పష్టంగా తెలుస్తుంది. రికార్డింగ్ ఇంజనీర్ల పనితనానికి ఈ ఒక్కటి చాలు.

బసూన్ అనే పొడవాటి ఊదే వాద్యం కోసం 1995లో రాసిన పన్నెండవదాన్ని, ఎవరి కోసం రాశారో ఆ పాస్కల్ గల్వాయే వాయించారు. పాములవాళ్లు నాగస్వరం ఊదేటప్పుడు బుగ్గల్లో గాలి నిలుపుకుని ముక్కుతో ఊపిరి పీల్చే పద్ధతి మనకు తెలిసిందే. అదే పద్ధతిలో గల్వా పావుగంటకు పైగా నాదధార తెగకుండా లాగుతారు. హార్ప్, వయోలా రచనలు కూడా బాగున్నాయి. ముఖ్యంగా హార్ప్ అంటే మెత్తటి వాద్యమనే భ్రమ రెండవ సీక్వెంజాతో తొలగిపోతుంది.

అన్నీ ఇంత తృప్తి ఇవ్వలేదు. గ్రాక్ అనే స్విట్జర్లాండ్ విదూషకుణ్ణి తలచుకుంటూ రాసిన ట్రాంబోన్ రచనలో వాదకుడు వాయిస్తూ వాయిస్తూ ఆగి, ‘ఎందుకు?’ అని అడుగుతాడు. అది కంటితో చూడవలసిన ఘట్టం, సీడీలో సగమే చేరుతుంది. నవ్వులు, దగ్గులు, గొణుగుళ్లతో నిండిన మూడవ సీక్వెంజాను లూయిజా కాస్తెలాని శుద్ధంగా పాడారు. కానీ అది గాయని కాతీ బెర్బేరియన్ కోసం పుట్టిన రచన. ఆమె స్వయంగా పాడిన పాత రికార్డింగ్ విన్నవారికి ఇక్కడ జాగ్రత్త ఎక్కువై, చిలిపితనం తగ్గినట్టు అనిపిస్తుంది.

పెద్ద లోటు పద్నాలుగవది లేకపోవడం. సంపుటి వచ్చిన నాలుగేళ్లకు గానీ బెరియో దాన్ని రాయలేదు కాబట్టి తప్పు ఎవరిదీ కాదు. శ్రీలంక మూలాలున్న చెల్లో విద్వాంసుడు రోహన్ డి సారమ్ కోసం రాసిన ఆ రచనలో శ్రీలంకలోని క్యాండీ ప్రాంతపు డోలు లయలు వినిపిస్తాయి, చెల్లో బుర్ర మీద వేళ్లతో దరువు వేయడమూ ఉంది. మన చెవికి అతి దగ్గరగా వచ్చే సీక్వెంజా అదే. అమెరికాకు చెందిన మోడ్ సంస్థ 2006లో తెచ్చిన నాలుగు సీడీల సంపుటిలో అది దొరుకుతుంది.

మొదటిసారి నేను పదమూడింటినీ ఒకే రాత్రి విని, ఏదీ మనసుకు పట్టక విసిగిపోయాను. రోజుకు ఒకటి చాలు. స్ట్రీమింగ్‌లో వినేవారు ఒక రచన పూర్తవగానే తర్వాతిది తనంతట తానే మొదలు కాకుండా చూసుకోవాలి. ముఖ్యంగా ట్రంపెట్ రచన తర్వాత ఆ పియానో తీగల మోత చెవిలో పూర్తిగా అణగడానికి ఒక నిమిషమైనా నిశ్శబ్దం కావాలి.