ఆరేళ్లు దాటిన ఫ్రీబీఎస్‌డీ: తప్పు వైరుది, తిట్లు డిస్కుకి

ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 12.0 వెర్షన్ వచ్చింది 2018 డిసెంబరులో. ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక పాత డెస్క్‌టాప్‌లో వేసుకున్నాను. ఫొటోలూ బ్యాకప్‌లూ దాచుకునే సర్వరు అది. కొన్నాళ్లకు ధైర్యం వచ్చి ల్యాప్‌టాప్‌లోనూ వేశాను. ఇప్పుడు రెండూ 14.3 మీద ఉన్నాయి. సర్వరు ఇన్నేళ్లలో వేరే సిస్టమ్ ముఖం చూడలేదు. ల్యాప్‌టాప్ మాత్రం మధ్యలో ఏడాదిపాటు లినక్స్‌కి వెళ్లి తిరిగొచ్చింది.

నేను ఇటు వచ్చిందే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ కోసం. రాసిన ప్రతి బ్లాకుకీ ఒక చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టిచ్చే సంఖ్య) విడిగా దాచుకుంటుంది, చదివేటప్పుడు సరిపోల్చుకుంటుంది. తేడా వస్తే మిర్రర్‌లోని, అంటే ఒకే డేటా దాచుకునే జతలోని, రెండో డిస్కు నుంచి మంచి కాపీ తెచ్చి, పాడైనదాన్ని సరిచేస్తుంది. ఇదంతా పుస్తకంలో చదివినప్పుడు బాగుంటుంది. మూడో ఏడాది ఒక పొద్దున్నే 'జెడ్‌పూల్ స్టేటస్' కొడితే పూల్ (డిస్కులన్నీ కలిసిన నిల్వ) 'డిగ్రేడెడ్', రెండో డిస్కు 'ఫాల్టెడ్' అని కనిపించినప్పుడు మాత్రం గుండె గుభేలుమంది. రీడ్, రైట్ తప్పుల లెక్క కింద సున్నాలు ఉండాల్సిన చోట రెండంకెల సంఖ్యలు.

ఇంకేమీ చూడకుండా కొత్త డిస్కు తెప్పించి మార్చేశాను. రీసిల్వర్, అంటే కొత్త డిస్కులోకి డేటా నింపే పని, రాత్రంతా నడిచింది. హమ్మయ్య అనుకున్నాను. నాలుగో రోజుకి కొత్త డిస్కు పక్కన కూడా అవే అంకెలు! అప్పటికి గానీ డీమెసెజ్ (కెర్నల్ రాసే సందేశాల చిట్టా) తెరవాలని తోచలేదు. అందులో ఆ రెండో డిస్కు పేరైన 'ఏడీఏ1' మీద 'అన్‌కరెక్టబుల్ పారిటీ/సీఆర్‌సీ ఎర్రర్' అని లైన్ల కొద్దీ ఉంది, తీసేసిన పాత డిస్కు రోజుల నుంచీ. అంటే డేటా డిస్కు లోపల కాదు, డిస్కుకీ బోర్డుకీ మధ్య దారిలో చెడుతోంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే 'స్మార్ట్' లెక్కలు చూస్తే అదే మాట: 199వ అంశం, అంటే సీఆర్‌సీ తప్పుల లెక్క, పెరుగుతోంది. చెడిన సెక్టార్లను చెప్పే 5, 197 రెండూ సున్నా. సాటా వైరు మార్చాను, 'జెడ్‌పూల్ క్లియర్' కొట్టి స్క్రబ్ (డేటా మొత్తం చదివి సరిచూసే పని) పెట్టాను. ఒక్క తప్పూ లేదు. అనవసరంగా తీసేసిన పాత డిస్కు ఈ రోజుకీ బ్యాకప్ డ్రైవుగా బంగారంలా పనిచేస్తోంది. ఒక్క విషయం, వైరు మార్చాక 199 లెక్క మళ్లీ సున్నాకి రాదు. అక్కడితో ఆగిందా లేదా అన్నదే చూసుకోవాలి. నేను అది తెలియక ఇంకో రెండు రోజులు టెన్షన్ పడ్డాను.

ఆ గొడవలోనే ఇంకో బుద్ధి వచ్చింది. ఏడీఏ0, ఏడీఏ1 లాంటి పేర్లు వైరు ఏ పోర్టులో ఉందో దాన్ని బట్టి మారిపోవచ్చు. కంగారులో మంచి డిస్కునే పీకబోయాను. ఇప్పుడు ప్రతి డిస్కు సీరియల్ నంబరులోని చివరి నాలుగు అక్షరాలతో జీపీటీ లేబుల్ (పార్టిషన్‌కి మనం పెట్టుకునే పేరు) పెట్టి, అదే కాగితం మీద రాసి డిస్కుకి అతికించాను. పూల్‌లో కూడా ఆ లేబుల్ పేర్లే కనిపిస్తాయి.

నెట్‌వర్క్ విషయంలో ఫిర్యాదులు తక్కువ. ఇక్కడ ఇంటర్‌ఫేస్ పేరు డ్రైవర్ పేరే: ఈఎం0, ఆర్‌ఈ0 ఇలా. చూడగానే ఏ కార్డో తెలుస్తుంది. కాకపోతే కార్డు మార్చిన రోజున సెట్టింగుల ఫైలు 'ఆర్‌సీ.కాన్ఫ్'లో పాత పేరు మీద ఉన్న లైను అనాథలా మిగిలిపోతుంది, కొత్త కార్డుకి ఐపీ రాదు. ఒకసారి దీని మీద గంట పోయింది. ఇంకోసారి ఫైళ్ల కాపీ వేగం సెకనుకు 11 మెగాబైట్లు దాటడం మానేసింది. డిస్కులని అనుమానించాను, ఫైళ్లు పంచే సాంబా ప్రోగ్రామ్‌ని తిట్టుకున్నాను. 'ఐఎఫ్‌కాన్ఫిగ్' కొడితే మీడియా లైన్లో '1000బేస్-టీ' బదులు '100బేస్-టీఎక్స్' అని ఉంది. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. 100కి అక్కర్లేని జతల్లో ఒక తీగ తెగితే సాధారణంగా లింకు పోదు, వేగం పడిపోతుందంతే. మళ్లీ వైరే! అప్పటి నుంచి 11 అన్న అంకె కనిపిస్తే నేరుగా కేబుల్ దగ్గరికే వెళ్తాను.

డ్రైవర్ల దగ్గరికొస్తే ఇంత సంబరంగా చెప్పలేను. ఏ పరికరానికైనా డ్రైవర్ దొరక్కపోతే, పరికరాల జాబితా చూపే 'పీసీఐకాన్ఫ్ -ఎల్‌వీ' కమాండులో దాని పేరు 'నన్' అని మొదలవుతుంది. కొనే ముందే లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి ఇది చూసుకుంటే సగం బాధ తప్పుతుంది. నేను చూసుకోలేదు. ల్యాప్‌టాప్‌లో వైఫై పనిచేసేది గానీ, పాత 802.11జీ కాలం నాటి వేగంతో. నేను లినక్స్‌కి వెళ్లింది అందుకే. 14.3లో నా వైఫై కార్డుకి, అంతకంటే కొత్తదీ వేగవంతమైనదీ అయిన 802.11ఏసీ మద్దతు వచ్చాక తిరిగొచ్చాను, ఇప్పుడు వేగం గురించి అడగక్కర్లేదు.

గ్రాఫిక్స్ డ్రైవర్ మాత్రం అప్‌గ్రేడ్ చేసిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టేలా చేస్తుంది. అది కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ)కి తగిలించే మాడ్యూల్, పైగా విడి ప్యాకేజీ. కెర్నల్ ఒక వెర్షనుకి వెళ్లి, మాడ్యూల్ పాతదానికి కట్టినదై ఉంటే బూట్ మధ్యలో తెర నల్లబడుతుంది. నేను దాన్ని బూట్ మొదట్లోనే చదివే 'లోడర్.కాన్ఫ్'లో పెట్టి ఇంకా చెడగొట్టుకున్నాను. 'ఆర్‌సీ.కాన్ఫ్'లో 'కేఎల్‌డీ_లిస్ట్'లోనే రాయాలని హ్యాండ్‌బుక్‌లో స్పష్టంగా ఉంది. అక్కడ రాస్తే కనీసం మరమ్మతుల కోసం ఉండే సింగిల్ యూజర్ మోడ్‌లోకి వెళ్లి ఆ లైను తీసేయొచ్చు. ఇప్పుడైతే అప్‌గ్రేడ్‌కి ముందు 'బీఈసీటీఎల్'తో ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్, అంటే అప్పటి సిస్టమ్‌కి నకలు, చేసి పెట్టుకుంటాను. తెర నల్లబడితే బూట్ మెనూలో నిన్నటిది ఎంచుకోవడమే, రెండు నిమిషాల పని.

ఫైల్ సర్వరు కావాలనుకునేవాళ్లకి కళ్లు మూసుకుని వేసుకోమంటాను. ల్యాప్‌టాప్‌కైతే ఓపిక ఉంటేనే. నాదాంట్లో మూత వేసి తీస్తే టచ్‌ప్యాడ్ ఇప్పటికీ మూడుసార్లలో ఒకసారి నిద్ర లేవదు. డీమెసెజ్ ఈసారి ఏమీ చెప్పట్లేదు. రోజూ షట్‌డౌన్ చేసుకుంటున్నాను.